యార్క్‌లో ఫోన్ పట్టుకుని సొంతంగా తిరిగే వాకింగ్ టూర్: అమ్మతో వెళ్ళొచ్చాం, 5కి 4

వైజాగ్ నుంచి యూకేలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు మా ఎంవీపీ కాలనీలోనే చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. మా చెల్లి లీడ్స్‌లో ఉంటుంది, అక్కడి నుంచి యార్క్ ట్రైన్‌లో అరగంట లోపే. మార్చి చివర్లో నేను, అమ్మ, చెల్లి ఒక రోజు వెళ్ళాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గైడ్ వెనకాల గుంపుతో పాటు పరిగెత్తలేదు, పైగా వాళ్ళు ఇంగ్లీష్‌లో గబగబా చెప్పేస్తే తనకి అందదు. అందుకే ఫోన్‌లో ఆడియో టూర్ కొన్నాం. మ్యాప్ మీద నంబర్లుంటాయి, ఆ చోటికి వెళ్తే కథ వినిపిస్తుంది. ఒక్క ఫోన్‌లో కొంటే ముగ్గురికీ సరిపోయింది. నేను కాస్త వినడం, ఆపడం, అమ్మకి మన మాటల్లో చెప్పడం, తను ఎక్కడైనా బెంచీ కనిపిస్తే కూర్చోవడం, రోజంతా ఇలాగే, ఎవరూ తొందరపెట్టలేదు. నాకు ఈ టూర్ నచ్చడానికి అసలు కారణం ఇదే.

టూర్ మొదటి నంబర్ మిన్‌స్టర్ గుమ్మం దగ్గర పెట్టారు, మిన్‌స్టర్ అంటే అక్కడి కేథడ్రల్. మీరు మాత్రం అలా చెయ్యకండి. స్టేషన్ బయటే పాత కోట గోడ ఉంటుంది, దాని మీద నుంచి మొదలుపెట్టండి. దూరంగా మిన్‌స్టర్ కనిపిస్తూ ఉంటుంది, గోడ పక్కన గట్టంతా పసుపు డాఫొడిల్ పూలు, అమ్మ అక్కడే పది నిమిషాలు ఆగిపోయింది. గోడ మొత్తం 3 కిలోమీటర్ల పైనే ఉంటుంది, టికెట్ లేదు, సాయంత్రం చీకటి పడేలోపు మూసేస్తారు. అమ్మ మోకాళ్ళు బావున్న రోజుల్లో ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేది, "ఇదీ ఊరి చుట్టూ ప్రదక్షిణే కదరా" అంది. మొత్తం నడవలేదులెండి, బూథమ్ బార్ అనే కోట గుమ్మం నుంచి మంక్ బార్ అనే ఇంకో గుమ్మం దాకా మిన్‌స్టర్ వెనక తోటల మీదుగా వెళ్ళే ముక్క ఒక్కటి నడిస్తే చాలు, అన్నిట్లోకీ అదే బావుంటుంది. కానీ ఒక విషయం టూర్‌లో ఎక్కడా చెప్పలేదు, గోడకి లోపలి వైపు చాలాచోట్ల రెయిలింగ్ లేదు, మంక్ బార్ దగ్గర దిగే మెట్లు ఇరుకు, నిటారు. అమ్మని ముందు నేను వెనక చెల్లి పట్టుకుని దింపాం. పెద్దవాళ్ళతో వెళ్తే ఇది ముందే తెలియాలి, ఒక స్టార్ దీనికే తీసేశా.

పేర్ల గురించి చెప్పింది మాత్రం చాలా బావుంది. అక్కడ "గేట్" అంటే వీధి, "బార్" అంటే కోట గుమ్మం. 866లో ఉత్తరాన సముద్రం దాటి వచ్చిన వైకింగ్‌లు ఊరు పట్టుకున్నాక, వాళ్ళ భాషలో వీధికి వాడే మాటే "గేట్"గా ఉండిపోయిందట. స్టోన్‌గేట్, గుడ్రమ్‌గేట్ అన్నీ వీధులే. అంతకు ముందు రోమన్ల ఊరు, కాన్‌స్టాంటైన్‌ని 306లో ఇక్కడే చక్రవర్తిగా ప్రకటించారు, మిన్‌స్టర్ పక్కన ఆయన విగ్రహం ఉంది. షాంబుల్స్ అనే సందులో ఇళ్ళు పైకి వెళ్ళేకొద్దీ ముందుకి వంగి ఉంటాయి, ఒకప్పుడు అన్నీ మాంసం కొట్లే, వేలాడదీసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. జనం మాత్రం పండగ ముందు పూర్ణా మార్కెట్ లెవెల్, పొద్దున్నే వెళ్ళిపోండి.

ఇరుకు సందుల్లో లొకేషన్ సరిగ్గా పట్టదు, మేం ఒక వీధిలో ఉంటే పక్క వీధి కథ మొదలైపోయేది. ఆటోమేటిక్ ఆపేసి నంబర్ మీద మనమే నొక్కుకుంటే గొడవ లేదు. ఇంట్లో వైఫైలోనే డౌన్‌లోడ్ చేసుకోండి, పవర్ బ్యాంక్ తప్పనిసరి.

మిన్‌స్టర్ లోపలికి వేరే టికెట్. లోపల ఈ టూర్ పెద్దగా ఏమీ చెప్పదు, కానీ వాలంటీర్ ఒక పెద్దావిడ తూర్పు వైపు గాజు కిటికీ దగ్గర మా కోసం నిదానంగా అంతా చెప్పింది. అది దాదాపు టెన్నిస్ కోర్టు అంత ఉంటుంది, సృష్టి మొదలు నుంచి లోకం అంతమయ్యేదాకా బొమ్మలు. జాన్ థార్న్‌టన్ అనే ఆయన 1405లో మొదలుపెట్టి 1408కల్లా పూర్తిచేశాడు, మొత్తం కూలి 56 పౌండ్లు, అందులో 10 పౌండ్లు చెప్పిన గడువుకి ముగించినందుకు. అమ్మ అది విని "మూడేళ్ళలోనేట్రా? మన ఇల్లు లేవడానికే నాలుగేళ్ళు పట్టింది" అని మళ్ళీ తలెత్తి చూస్తూ ఉండిపోయింది. ఆ గుడి మొత్తం కట్టడానికి మాత్రం రెండున్నర శతాబ్దాలు పట్టింది, 1472కి గానీ అవ్వలేదు.

ఆఖరి నంబర్ క్లిఫర్డ్స్ టవర్. 1190లో అక్కడ సుమారు 150 మంది యూదులు అల్లరిమూక నుంచి తప్పించుకోడానికి లోపల దాక్కుని, బయటపడే దారి లేక చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు, మిగిలినవాళ్ళని ఆ మూక చంపేసింది. ఇప్పుడున్న రాతి కట్టడం ఆ తర్వాతది. టూర్‌లో ఆ కథని సంగీతం గట్రా లేకుండా మామూలు గొంతుతో చెప్పారు. తెలుగులో చెప్పడానికి నాకు కాసేపు మాట రాలేదు.

నాన్న రాలేదు ఈ ట్రిప్‌కి. పోర్టులో ముప్పై ఏళ్ళు చేశారు, వైజాగ్ పాత ఊరు వన్ టౌన్ ఆయనకి అరచేతి గీతల్లా తెలుసు. వచ్చాక ఆయన్ని తీసుకుని కురుపాం మార్కెట్ నుంచి విక్టోరియా రాణి విగ్రహం, టౌన్ హాల్ మీదుగా, చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఆ మూడు కొండల దాకా నడుద్దామనుకున్నా. ఫోన్‌లో వెతికితే అలా నంబర్లేసి కథ చెప్పే టూర్ నాకేం దొరకలేదు. ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే నాన్న చెప్తుంటే నేనే రికార్డ్ చేస్తున్నా, టౌన్ హాల్ దాకా అయ్యింది.