ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కోచింగ్: కట్టిన ఫీజంతా ఆదివారం క్లాసుకే అనుకున్నా

శ్రీకాకుళం టౌన్‌లో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టులకి నేను ఐదు నెలలు కోచింగ్ తీసుకున్న చోటు గురించి రాస్తున్నా. పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి.

ముందు తిట్లే. ఫీజు పద్నాలుగు వేలు, ఒకేసారి కట్టాలి. మెటీరియల్ అని చేతిలో పెట్టింది పాత జిరాక్స్ కట్ట. అందులో పాలకొండ, సీతంపేట ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి, 2022 ఏప్రిల్‌లోనే అవి పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయాయన్న సంగతి ఎవరూ సరిచేయలేదు. లెక్కల సారు పర్వాలేదు. సైన్స్ క్లాసంటే పుస్తకం చదివేసి వెళ్లిపోవడమే, అది ఇంట్లో మనమూ చదువుకోవచ్చు.

అసలు కోపం వాకింగ్ టెస్ట్ మీద. తెలియనివాళ్లకి చెప్తున్నా, మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, ఆడవాళ్లు అదే టైంలో 16. మమ్మల్ని తెల్లవారుజామున ఐదింటికి కళింగపట్నం రోడ్డు మీద వదిలారు, దారిలో ఒక్క చోటే నీళ్లు. నేను మూడు గంటల యాభై నిమిషాల్లో పూర్తి చేశానని ఎగిరి గంతేశా, తీరా ఫోన్‌లో చూస్తే నడిచింది 22 కిలోమీటర్లు. అడిగితే 'ఇంచుమించు అంతేలే' అన్నారు. అసలు పరీక్షలో ఇంచుమించు ఒప్పుకుంటారా? పైగా కొత్త బూట్లతో వెళ్లి రెండు మడమలూ బొబ్బలెక్కాయి, అది మాత్రం నా తెలివితక్కువతనమే.

మరి ఎందుకు మానలేదంటే ఆదివారం క్లాసు వల్ల. గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన ఒక పెద్దాయన వచ్చి చెప్తారు. సిలబస్ పట్టించుకోరు, టైం అస్సలు పట్టించుకోరు. మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు (అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరివాళ్ల సంఘాలు) 1992లో మొదలయ్యాయి, 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆ పనే సాముదాయక అటవీ యాజమాన్యం అయింది, ఈ రెండు ముక్కలూ ఏ గైడులోనైనా దొరుకుతాయి. ఈయన చెప్పేది వేరు. సీతంపేట కొండల్లో ఒక సవర గిరిజనుల ఊరికి సమితి పెడదామని ఖాకీ బట్టల్లో వెళ్తే ఒక్కరూ మీటింగుకి రాలేదట, కట్టెల కేసు రాయడానికి వచ్చాడనుకుని తలుపులేసుకున్నారట. మర్నాడు మామూలు లుంగీతో వెళ్లి, అడ్డాకులు కుడుతున్న ఆడవాళ్ల దగ్గర అరుగు మీద కూర్చున్నాకే మాట కలిసింది. 'పుల్లకీ ఆకుకీ అడవికెళ్లేది ఆడోళ్లు, సంతకాలు పెట్టేది మగోళ్లు, ఇంక సమితి ఎలాగ నడుస్తాది బాబూ' అంటారు. సభ్యత్వం ఇంటికి ఇద్దరికి, అందులో ఒకరు ఆడమనిషి అన్న రూలు నాకు అలా గుర్తుండిపోయింది, ఇక జన్మలో మర్చిపోను.

ఆ రోజు అడ్డాకుల కట్ట ఒకటి తెచ్చి మా అందరి చేతా ఈనెపుల్లతో విస్తరి కుట్టించారు. నాది మూడో ఆకు దగ్గరే చిరిగింది. ఆయన చూసి 'దీని మీద వంద విస్తళ్లు కుడితే ఏటొస్తాదో తెలుసుకుని అప్పుడు అడవికి రావొద్దని వాళ్లకి చెప్పు' అన్నారు. బ్యాంకు డబ్బు ఆగాక పడుకున్న సమితులు ఆయన చాలా చూశారట, చీపుర్లో చింతపండో అమ్ముకుని తమ డబ్బు తాము సంపాదించుకున్నవే నిలబడ్డాయన్నది ఆయన లెక్క.

ఆగస్టులో సొంత ఖర్చుతో (అవును, పద్నాలుగు వేలు కాక ఇంకో ఆరు వందలు) ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి వెళ్లాం. వానలతో వచ్చి గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగలు ఊరి మధ్య చెట్ల నిండా ఉన్నాయి. కింద నిలబడితే కుళ్లిన చేపల కంపు, నా చొక్కా సంగతి అడక్కండి. బైనాక్యులర్స్ ఒక్కొక్కరికీ ఇచ్చి ముక్కు చూడమన్నారు. మూసినా మధ్యలో సన్నటి సందు కనిపిస్తుంది, నత్తలు తినడానికి పనికొచ్చే ముక్కు అది. పిట్టలొస్తే మంచిదని ఆ ఊరి నమ్మకం, రాయి విసిరే పిల్లాడు కనపడలేదు. టెక్కలి దగ్గర ఇలాగే పిట్టలొచ్చే తేలినీలాపురం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. 2021 చివర, 2022 మొదట్లో కడుపులో పురుగులు చేరి గూడబాతులు చాలా చచ్చిపోయాయి కదా, దాని గురించి.

ఏనుగుల క్లాసు ఇంకా బాగుంటుంది. 2007లో ఒడిశా నుంచి దిగినప్పుడు ఏనుగుని తోలడం కన్నా సెల్‌ఫోన్లతో, టపాసులతో వెంటపడే జనాన్ని ఆపడమే కష్టమైందట. 2023 మేలో భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు పోయిన విషయం బోర్డు మీద రాసి, 'నువ్వే బీట్ ఆఫీసరువైతే ముందురోజు ఏం చేసుందువు' అని ఒక్కొక్కరినీ లేపి అడిగారు. నేను నీళ్లు నమిలాను.

నా మాటైతే ఇదీ: ఆదివారం క్లాసుకి ఐదుకి ఐదు, మిగతా మొత్తానికీ రెండు. ఆదివారాలకి మాత్రమే ఫీజు కడతానని ఆఫీసులో అడిగాను, కుదరదన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి గట్టిగా అడగండి. పెద్దాయన మోకాళ్ల నొప్పులంటున్నారు, వచ్చే బ్యాచ్‌కి ఉంటారో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి.