బ్రాడ్‌ఫర్డ్ సిటీ సీజన్ టికెట్, 2012–13: కొన్నదానికంటే ఎక్కువ దక్కిన ఏడాది

ఉద్యోగం కోసం లీడ్స్‌కు వచ్చిన కొత్తలో, 2012 వేసవిలో, నేను పక్క ఊరి క్లబ్బు అయిన బ్రాడ్‌ఫర్డ్ సిటీ సీజన్ టికెట్ కొన్నాను. ఆ టికెట్ ఏమిచ్చింది, పెట్టిన డబ్బుకు అది తగిందేనా అని ఇప్పటికీ నన్ను అడిగేవారున్నారు. ముఖ్యంగా ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చి, ప్రీమియర్ లీగ్ టికెట్ల ధరలు చూసి వెనకడుగు వేసిన తెలుగువారు అడుగుతుంటారు. వారికి విడివిడిగా చెప్పే బదులు, ఆ ఒక్క సీజన్‌నే ఆధారం చేసుకొని వివరంగా రాయడం మేలనిపించింది.

ముందుగా, కొన్నది ఏమిటో చెప్పాలి. ఇంగ్లండ్‌లో వృత్తి ఫుట్‌బాల్ నాలుగు అంతస్తుల మేడ. పై అంతస్తు ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు ఉంటే, కింది మూడింటిలో 24 చొప్పున 72 ఉన్నాయి. అప్పట్లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ అట్టడుగు అంతస్తు లీగ్ టూలో ఉండేది. సీజన్‌లో 46 లీగ్ మ్యాచ్‌లుంటాయి, వాటిలో సొంత మైదానంలో జరిగే 23 మ్యాచ్‌లకే సీజన్ టికెట్ చెల్లుతుంది. కప్పు పోటీలకు వేరే టికెట్ కొనుక్కోవాలి. సీజన్ టికెట్ ఉన్నవారికి వాటిని ముందుగా కొనుక్కునే అవకాశం దక్కుతుంది, అంతే. ఆగస్టులో ఈ షరతును నేను పెద్దగా పట్టించుకోలేదు. నాలుగో అంతస్తు జట్టు కప్పులో ఎంత దూరం పోతుందిలే అనుకున్నాను.

క్లబ్బు మైదానం పేరు వ్యాలీ పరేడ్. లీడ్స్ నుంచి రైలులో ఇరవై నిమిషాలకు అటూ ఇటూ ప్రయాణించి, ఫోర్‌స్టర్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి, మానింగ్‌హామ్ వైపు ఎత్తు ఎక్కుతూ నడిస్తే చేరుకోవచ్చు. కొండవాలులో కట్టిన మైదానం కావడంతో ఒకవైపు స్టాండ్లు ఇళ్ల మధ్య నుంచి లేచినట్టు, మరోవైపు లోయలోకి జారుతున్నట్టు కనిపిస్తాయి. సుమారు 25 వేల మంది కూర్చోగల చోటు. క్లబ్బు రంగులను ఇంగ్లీషువారు ఏ పేర్లతో పిలిచినా, మన కంటికి అవి పసుపూ కుంకుమలే. మొదటి శనివారం ఆ రంగుల మఫ్లర్లు చుట్టుకున్న వందలాది మంది ఇరుకు వీధుల్లో ఒకే దిక్కుకు నడుస్తుంటే, ఊళ్లో తిరునాళ్లకు పోతున్న జనం గుర్తుకు వచ్చారు.

లోపలికి వెళ్లే ముందు, 1985 అగ్నిప్రమాదంలో చనిపోయినవారి స్మారకం దగ్గర తప్పక ఆగాలి. ఆ ఏడాది మే 11న, మూడో డివిజన్ గెలిచిన ఆనందంలో లింకన్ సిటీతో చివరి మ్యాచ్ ఆడుతుండగా, పాత చెక్క స్టాండు కింద పేరుకున్న చెత్తకు నిప్పు అంటుకుంది. కొద్ది నిమిషాల్లో స్టాండు మొత్తం కాలిపోయి 56 మంది మరణించారు. ఆ తర్వాతే బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కాలిన గాయాల చికిత్సపై పరిశోధన విభాగం ఏర్పడింది. ఈ ఊరి జనానికి క్లబ్బుతో ఉన్న బంధం గెలుపోటముల లెక్కకు అందదని నాకు మొదట అర్థమైంది అక్కడే.

ఇక ధర సంగతి. 1999లో ప్రీమియర్ లీగ్‌లోకి ఎగబాకిన ఈ క్లబ్బు, అక్కడ నిలదొక్కుకోవాలన్న ఆరాటంలో స్తోమతకు మించి ఖర్చుపెట్టి, 2001లోనే కిందికి జారి, 2002లోనూ 2004లోనూ దివాలా అంచుకు చేరింది. నడమంత్రపు సిరి అని మనవాళ్లు అనేది ఇటువంటిదే. 2007 నాటికి నాలుగో అంతస్తుకు పడిపోయింది. అప్పుడు యాజమాన్యం చేసిన పనిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. జట్టు దిగజారినకొద్దీ జనం తగ్గుతారు కాబట్టి ఉన్నవారి దగ్గరే ఎక్కువ రాబట్టుకుందామని చూడకుండా, సీజన్ టికెట్ ధరను బాగా తగ్గించి స్టాండ్లు నింపుకుంది. దాని ఫలితంగానే, 2012–13లో లీగ్ టూ మ్యాచ్‌లకు సగటున 10 వేలకు పైగా జనం వచ్చారు. ఆ స్థాయిలో చాలా క్లబ్బులకు అందులో సగం కూడా రారు.

నాకు గోల్ వెనక ఉండే కాప్ స్టాండులో చోటు దొరికింది. పక్క కుర్చీలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన కూర్చునేవారు. ఒళ్లో ఫ్లాస్కు, మోకాళ్ల మీద మడిచిన దుప్పటి ఉండేవి. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, చలికి నా బూట్లు పనికిరావని చెప్పారు, ఆ తర్వాత మూడు వారాల దాకా మాట్లాడలేదు. మానింగ్‌హామ్ నిండా దక్షిణాసియా కుటుంబాలే ఉన్నా, స్టాండులో మన ఛాయ ముఖాలు అప్పట్లో చాలా తక్కువ. ఆ కారణంగా నాకు మొదట్లో కొంత బెరుకు ఉండేదని దాచకుండా చెబుతాను. అక్టోబరు వచ్చేసరికి ఆ పెద్దాయన తన ఫ్లాస్కు మూతలో నాకూ టీ పోసి ఇవ్వడం మొదలుపెట్టారు. బెరుకు సంగతి ఆ తర్వాత గుర్తు రాలేదు.

ఆట నాణ్యత గురించి నిజాయితీగా చెప్పాలి. టీవీలో ప్రీమియర్ లీగ్ చూసి అలవాటుపడినవారికి లీగ్ టూ మొదట్లో నిరాశ కలిగిస్తుంది. బంతి నేల మీద కంటే గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, పాసులు తప్పుతాయి, వానాకాలపు మైదానం బురదవుతుంది. అయితే మేనేజర్ ఫిల్ పార్కిన్‌సన్ కూర్చిన జట్టులో ఒక్కొక్కరిని పరిశీలించినకొద్దీ ఆసక్తి పెరిగింది. ఇటీవల రెక్స్‌హామ్‌ను వరుసగా మూడేళ్లు పై డివిజన్లకు చేర్చినది ఈయనే. ముందు వరుసలో జేమ్స్ హాన్సన్ అనే పొడవాటి ఆటగాడు ఉండేవాడు. ఒకప్పుడు సూపర్‌మార్కెట్‌లో అరల్లో సరుకులు సర్దిన ఈ కుర్రవాడిని క్లబ్బు 7,500 పౌండ్లకు తెచ్చుకుంది. అతని పక్కన బెర్ముడా నుంచి వచ్చిన నాకీ వెల్స్, మధ్యలో ముప్పై అయిదేళ్లు దాటిన కెప్టెన్ గ్యారీ జోన్స్, గోల్ దగ్గర క్యాన్సర్‌ను జయించి వచ్చిన మ్యాట్ డ్యూక్. జోన్స్ కార్నర్ కిక్ తీయబోతూ చేయి పైకెత్తినప్పుడల్లా కాప్ స్టాండు మొత్తం లేచి నిలబడేది. అది ఎందుకో జనవరిలో దేశమంతటికీ తెలిసింది.

లీగ్ కప్పు అంటే నాలుగు అంతస్తుల క్లబ్బులూ కలిసి ఆడే, ఓడితే ఇంటిదారి పట్టే పోటీ. అందులో ప్రయాణం ఎవరి కంటా పడకుండా మొదలైంది. నాట్స్ కౌంటీపై ఎక్స్‌ట్రా టైమ్‌లో 1–0, వాట్‌ఫర్డ్‌పై 2–1. మూడో రౌండులో బర్టన్ ఆల్బియన్‌తో వ్యాలీ పరేడ్‌లో ఆడినప్పుడు స్టాండ్లు చాలావరకు ఖాళీ. రెండు గోల్స్ వెనకబడి, చివరి నిమిషాల్లో వెల్స్ రెండు కొట్టడంతో గట్టెక్కి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3–2తో గెలిచారు. ఆ రాత్రి రెండో గోల్ పడ్డాక లేచి వెళ్లిపోయినవారిని నేను తప్పుపట్టను, ఎముకలు కొరికే చలి. తర్వాత ప్రీమియర్ లీగ్ జట్టు విగన్ మైదానంలో గోల్స్ లేకుండా ముగించి పెనాల్టీలలో 4–2తో గెలిచారు. ఆ సీజన్ చివర మరో పెద్ద పోటీ అయిన ఎఫ్‌ఏ కప్పు ఎత్తింది ఆ విగన్ జట్టే.

డిసెంబరు 11న క్వార్టర్ ఫైనల్‌కు ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఆర్సెనల్ వచ్చింది. పిల్లల జట్టుతో కాకుండా కజోర్లా, విల్షర్, వెర్మాలెన్ వంటి అసలు ఆటగాళ్లతోనే వచ్చింది. ఆ రాత్రి 23,971 మంది హాజరయ్యారు. 16వ నిమిషంలో గ్యారీ థాంప్సన్ గోల్ కొట్టినప్పుడు కేరింతల కంటే ముందు ఒక్క క్షణం నమ్మలేని నిశ్శబ్దం కమ్మింది. అక్కడి నుంచి డెబ్బై నిమిషాలకు పైగా కాచుకున్న ఆధిక్యాన్ని 88వ నిమిషంలో వెర్మాలెన్ తలతో చెరిపేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఏమీ తేలలేదు. షూటౌట్‌లో కజోర్లా కిక్‌ను డ్యూక్ ఆపాడు. చివరికి ఆర్సెనల్ ఐదో కిక్‌కు మళ్లీ వెర్మాలెనే వచ్చాడు. అతను పరుగు మొదలుపెట్టినప్పుడు పక్కనున్న పెద్దాయన నా కోటు చేతిని పట్టుకున్నారు. బంతి స్తంభానికి తగిలి పక్కకు పోయింది. 3–2. చుట్టూ అందరూ ఎగిరి గంతులేస్తుంటే ఆయన మాత్రం కుర్చీలో కూర్చుండిపోయి, నా కోటు వదలకుండా, మైదానం వైపే చూస్తూ ఉన్నారు. పెనాల్టీ షూటౌట్లలో క్లబ్బుకు అది వరుసగా తొమ్మిదో గెలుపు.

జనవరిలో సెమీఫైనల్‌కు మరో ప్రీమియర్ లీగ్ జట్టు ఆస్టన్ విల్లాతో రెండు మ్యాచ్‌లు. జోన్స్ కార్నర్ల సంగతి దేశమంతటికీ తెలిసిందన్నది ఇక్కడే. వ్యాలీ పరేడ్‌లో 8వ తేదీన వెల్స్ ఒక గోల్ కొట్టగా, జోన్స్ వేసిన బంతులకు రోరీ మెకార్డల్, పంతొమ్మిదేళ్ల కార్ల్ మెక్‌హ్యూ తలలు తగిలించి 3–1తో గెలిపించారు. రెండు వారాల తర్వాత విల్లా పార్కులో బెంటెకే తొలి సగంలోనే గోల్ కొట్టడంతో ఇక పుట్టి మునిగినట్టే అనిపించింది. రెండో సగంలో మళ్లీ జోన్స్ కార్నర్, ఈసారి హాన్సన్ తల. ఆ మ్యాచ్ 2–1తో ఓడినా, మొత్తంమీద 4–3తో బ్రాడ్‌ఫర్డ్ ఫైనల్ చేరింది. నాలుగో అంతస్తు క్లబ్బు లీగ్ కప్పు ఫైనల్ చేరడం 1962లో రోచ్‌డేల్ తర్వాత అదే మొదలు. రోచ్‌డేల్ నాటి ఫైనల్ లండన్‌లోని జాతీయ మైదానం వెంబ్లీలో జరగలేదు కాబట్టి, ఆ మైదానంలో పెద్ద కప్పు ఫైనల్ ఆడిన తొలి నాలుగో డివిజన్ జట్టు కూడా ఇదే.

ఫిబ్రవరి 24న వెంబ్లీలో 82,597 మంది ముందు ప్రీమియర్ లీగ్ జట్టు స్వాన్సీ 5–0తో ఓడించింది. ఆటలో ఏ క్షణంలోనూ అవకాశం కనిపించలేదు. స్వాన్సీ ఆటగాళ్లు బంతిని ఇవ్వనే లేదు. 3–0 దగ్గర డ్యూక్‌కు రెడ్ కార్డు కూడా పడింది. అయినా ఆ మధ్యాహ్నం గురించి రాయకుండా ఉండలేను. నాలుగో గోల్ పడ్డాక, మా వైపు స్టాండ్లలో మొదట ఎవరో ఒకరిద్దరు జెండాలు ఎత్తారు. కాసేపటికి ఆ సగమంతా పసుపూ కుంకుమల జెండాలతో నిండిపోయింది, ఐదో గోల్ పడినా పాట ఆగలేదు. దివాలాను, అగ్నిని చూసిన జనానికి 5–0 అనేది తట్టుకోగల లెక్కేనని నాకు ఆ జెండాల మధ్య నిలబడి ఉన్నప్పుడు తోచింది.

సీజన్ టికెట్ సమీక్షగా చూస్తే, నా దృష్టిలో అసలు పరీక్ష ఆ తర్వాతే వచ్చింది. కప్పు మోజులో లీగ్ మ్యాచ్‌లు వెనకపడి, జట్టు పట్టికలో మధ్యలో ఎక్కడో ఉంది. మార్చిలో మళ్లీ మామూలు మంగళవారాలు, మామూలు ప్రత్యర్థులు. ఆర్సెనల్ రాత్రికి టికెట్ కోసం తిరిగినవారిలో చాలామంది ఈ మ్యాచ్‌లకు కనిపించలేదు. పెద్దాయనా, ఆయన ఫ్లాస్కూ మాత్రం తమ చోటనే ఉన్నాయి. నేను డబ్బు కట్టింది ఈ మ్యాచ్‌లకే కదా, వీటిలోనే ఈ జట్టు నాకు ఎక్కువ నచ్చింది. వెంబ్లీలో అవమానపడి వచ్చిన ఆటగాళ్లు తలలు వేలాడేయకుండా వరుసగా పాయింట్లు కూడబెట్టి, 69తో ఏడో స్థానానికి, అంటే పై అంతస్తుకు చేరే మిగిలిన ఒక్క చోటు కోసం జరిగే ప్లేఆఫ్‌లకు అర్హత ఉన్న ఆఖరి మెట్టుకు చేరారు.

ప్లేఆఫ్ సెమీఫైనల్‌కు మళ్లీ బర్టన్ ఆల్బియనే ఎదురైంది. మే 2న సొంత మైదానంలో 3–2తో ఓడాం. అంతా అయిపోయిందని నేను అంటే, ఆదివారం ఇంకా ఉందిగా అని పెద్దాయన ఫ్లాస్కు మూత బిగించారు. ఆదివారం బర్టన్‌లో 3–1తో గెలిచి మొత్తంమీద 5–4తో గట్టెక్కారు. మే 18న ప్లేఆఫ్ ఫైనల్‌కు, ఒకే సీజన్‌లో రెండోసారి వెంబ్లీ. నార్తాంప్టన్‌పై మొదటి 28 నిమిషాల్లోనే హాన్సన్, మెకార్డల్, వెల్స్ తలా ఒక గోల్ కొట్టి ఆటను ముగించేశారు. ఫిబ్రవరిలో వచ్చినవారిలో సగం మందికి కాస్త ఎక్కువే, 47,127 మంది, ఆ రోజు వచ్చారు. కప్పు ఫైనల్ కంటే ఈ 3–0 గెలుపే నాకు గొప్పది. మూడో అంతస్తు లీగ్ వన్‌కు ఎక్కించింది ఇదే, నా చేతిలోని టికెట్‌కు సంబంధించిన పోటీ కూడా ఇదే.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, పేరున్న ఆటగాళ్లను దగ్గరగా చూడాలనుకునేవారికి చేయను. అలాంటి రాత్రులు ఏళ్లకు ఒకసారి వస్తాయి, పైగా వాటికి వేరే టికెట్ కావాలి. వారాంతంలో ఊరి మనుషుల మధ్య కూర్చోవాలనుకునేవారికి, పిల్లలను తీసుకువెళ్లాలనుకునేవారికి సందేహం లేకుండా చేస్తాను. కాప్ స్టాండులో గోల హెచ్చు, చిన్నపిల్లలుంటే పక్క స్టాండ్లు నయం. గాలివాన ఉన్న రోజున ముందు వరుసలు తడుస్తాయి కాబట్టి వెనక వరుసలు అడగండి. ఉన్ని సాక్సు రెండు జతలు వేసుకోండి. బూట్ల విషయంలో పెద్దాయన చెప్పింది నిజమే, అడుగు మందంగా ఉన్నవి కావాలి. నేను మరుసటి సీజన్ టికెట్‌ను బర్టన్ చేతిలో ఓడిన మర్నాడే, లీగ్ వన్‌కు వెళ్తామో లేదో తేలకముందే కొన్నాను. పాత కుర్చీ నంబరే అడిగాను, అదే ఇచ్చారు.