పెద్దవాళ్ల బ్యాలే క్లాసు, తిరువాన్మియూర్: ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

చెన్నైలో పెద్దవాళ్లకి బ్యాలే నేర్పేవాళ్లు ఉన్నారా అని నేను రెండేళ్లు వెతికాను, కాబట్టి నాలాగే వెతుకుతున్నవాళ్ల కోసం ఇది కాస్త వివరంగా రాస్తున్నా. తిరువాన్మియూర్‌లో ఈ స్టూడియోలో చేరి ఎనిమిది నెలలైంది. నా వయసు 34. చిన్నప్పుడు టీ నగర్‌లో తొమ్మిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, ఇంజినీరింగ్‌లో చేరాక ఆగిపోయింది. ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నాను. అందులో ఎక్కువ భాగం నేర్పే మేడమ్‌కి, మిగతాది కింద వేసిన ఫ్లోర్‌కి.

ఫ్లోర్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చేరేటప్పుడు దీని గురించి ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. ఇంతకుముందు ఇంకో చోట నాలుగు నెలలు నేర్చుకున్నాను, పేరు చెప్పను, అక్కడ సిమెంటు మీద టైల్స్, టైల్స్ మీద పల్చటి మ్యాట్. బ్యాలేలో గెంతడాలు ఎక్కువ. మూడో నెలకి మోకాలి కింద ఎముక పొడవునా నొప్పి వచ్చి మెట్లు దిగలేకపోయాను. పైగా అక్కడ మూడో నెలలోనే అందరితో పాయింట్ షూస్ (కాలివేళ్ల కొసల మీద నిలబడడానికి వేసుకునే గట్టి షూస్) కొనిపించారు, నాతో చేరిన అమ్మాయికి బొటనవేలి గోరు ఊడిపోయింది. చిన్నపిల్లలకి కూడా కొన్నేళ్లు నేర్చుకుని, పాదం, మడమ, నడుము బలపడి, పదకొండు పన్నెండేళ్లు వచ్చాక గానీ ఆ షూస్ ఇవ్వరు అని నాకు అప్పుడు తెలీదు. తెలిసుంటే ఆ రోజే మానేసేదాన్ని. ఇక్కడ చెక్క ఫ్లోర్, కింద ఫోమ్ దిమ్మలు, పైన వినైల్ షీటు. మడమతో ఒకసారి కొట్టి చూడండి, తిరిగి మీ కాలిని కొట్టదు, దెబ్బని లోపలికి తీసుకుంటుంది.

మేడమ్ పదిహేడేళ్లకే బయటి దేశం వెళ్లి, శిక్షణ అయ్యాక ఒక టూరింగ్ కంపెనీలో పద్నాలుగేళ్లు డాన్స్ చేశారు, చివరి ఐదేళ్లు కొరియోగ్రఫీ కూడా. వినడానికి గొప్పగా ఉంటుంది కానీ ఆవిడ మధ్యమధ్యలో చెప్పేవి వింటే అదెంత కష్టజీవితమో అర్థమవుతుంది. రాత్రి షో, పొద్దున్నే బస్సు, దిగగానే మళ్లీ క్లాసు. నిన్న రాత్రి మెయిన్ రోల్ చేసినవాళ్లయినా సరే, ఈరోజు బార్ (గోడ పక్కన పట్టుకునే కడ్డీ) పట్టుకుని ప్లియేతోనే (మోకాళ్లు వంచి దిగి లేవడం) మొదలుపెట్టాలి, ముందు బార్, తర్వాత మధ్యలోకి వచ్చి నెమ్మదివి, తర్వాత తిరగడాలు, ఆఖర్న పెద్ద గెంతులు, ఏ ఊళ్లోనైనా దాదాపు ఇదే వరస. పదాలన్నీ ఫ్రెంచ్‌లోనే ఉంటాయి, 1661లో పద్నాలుగో లూయీ పారిస్‌లో డాన్స్ అకాడమీ పెట్టాడు కదా, ఆ వారసత్వం, అందుకని భాష రాని ఊళ్లో కూడా వెళ్లి క్లాసులో నిలబడిపోవచ్చట. ఇబ్బంది పెట్టేది స్టేజీలే. యూరప్‌లో చాలా పాత థియేటర్లలో స్టేజి ప్రేక్షకుల వైపుకి వాలుగా ఉంటుంది, వెనక నిలబడ్డవాళ్లు కూడా కనపడాలని అలా కట్టారు. చదును నేల మీద నేర్చుకున్న పిరవెట్ (ఒంటికాలి మీద గుండ్రంగా తిరగడం) అక్కడ తిరిగితే ఒళ్లు ముందుకి జారిపోతుంది. అక్కడ చూసుకోడానికి అద్దం కూడా ఉండదు, అందుకే మాకు నెలకోసారి అద్దం మీద పరదా లాగేసి, ముఖాలు వేరే గోడవైపు తిప్పి చేయిస్తారు. మొదటిసారి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, ముందువెనకలు తెలీలేదు. మేడమ్‌వాళ్లది నెల్లూరు. మాతో తెలుగులోనే మాట్లాడతారు. "అద్దాన్ని నమ్ముకుంటే ఇంకో ఊళ్లో ఏం జేస్తావమ్మా? ఒంటిని నమ్ముకోవాల" అన్నారు.

తొమ్మిదేళ్ల కూచిపూడి సాయపడిందా అడ్డొచ్చిందా అంటే రెండూ. అరమండి (మోకాళ్లు పక్కలకి తిప్పి సగం కూర్చున్నట్టు నిలబడడం) అలవాటు ఉంది కాబట్టి తుంటి దగ్గర్నుంచి కాలు బయటికి తిప్పడం తొందరగానే పట్టుబడింది. కానీ అరమండిలో కూర్చున్నాక అక్కడే ఉంటాం. ప్లియేలో ఆగకూడదు, దిగుతూ ఉండగానే లేవడం మొదలైపోవాలి. అడుగు వేస్తే వినపడాలి, గజ్జె పలకాలి అని పెరిగినదాన్ని నేను. ఇక్కడ గెంతి దిగినప్పుడు చప్పుడొస్తే తప్పు. ముందు వేళ్లు, తర్వాత పాదం, ఆఖర్న మడమ, దాంతోపాటే మోకాలు మడవాలి. మేడమ్ కళ్లు మూసుకుని గోడకి ఆనుకుని నిలబడి, మా పదిమందిలో చప్పుడు ఎవరిదో పేరు పెట్టి చెబుతారు! నాకు ఇది రావడానికి మూడు నెలలు పట్టింది, వచ్చాక ఆ పాత నొప్పి మళ్లీ రాలేదు.

మా బ్యాచ్‌లో ఎవరికీ ఇంకా పాయింట్ షూస్ లేవు. ఎలా ఉంటాయో చూడాలని ఉందంటే, ఒక శనివారం క్లాసయ్యాక గుడ్డ సంచి తెచ్చి తన పాత జతలు నేల మీద పరిచారు. ముందు భాగంలో చెక్కో ఇనుమో ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అదేం లేదు, గుడ్డ, కాగితం, జిగురు, పొరలు పొరలుగా వేసి గట్టిపరిచింది. కుడి ఎడమ తేడా కూడా లేదు. ఒక కొత్త జత తీసి మా ముందే తయారుచేశారు. లోపలి అట్టని అరికాలి వంపు దగ్గర వంచి, ముందు భాగాన్ని మెట్టు మీద నాలుగు దెబ్బలు బాదారు, లేకపోతే స్టేజి మీద టకటకమంటాయట. రిబ్బన్ కొసలు లైటర్‌తో కాల్చి పీచు రాకుండా చేసి, మామూలు దారం తెగుతుందని డెంటల్ ఫ్లాస్‌తో కుట్టారు. మాతో మాట్లాడుతూనే, సూది వైపు చూడకుండానే. పెద్ద రోల్ అయితే ఒక జత ఒక్క రాత్రికే మెత్తబడిపోతుంది, అంటే ఈ కుట్టుపని వాళ్లకి రోజూ ఉండేదే. చెమటకి జిగురు వదిలిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టకుండా ఫ్యాన్ కింద ఆరబెట్టాలి, మన చెన్నై ఉక్కలో మరీ.

తిరువాన్మియూర్‌లో బ్యాలే ఏంటే అని మా అత్తయ్య అడిగారు. ఈ స్టూడియోకి దగ్గర్లోనే భరతనాట్యం నేర్పే కళాక్షేత్ర. దాన్ని పెట్టిన రుక్మిణీదేవి అరండేల్ భరతనాట్యం కన్నా ముందు నేర్చుకున్నది బ్యాలేనే అని చెబితే ఆవిడ నమ్మలేదు. 1920ల చివర్లో రష్యన్ బ్యాలే డాన్సర్ అన్నా పావ్లోవా తన బృందంతో దేశాలు తిరుగుతున్నప్పుడు ఆవిడా రుక్మిణీదేవీ ఒకే ఓడలో ఆస్ట్రేలియా వెళ్లారు. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి రుక్మిణీదేవికి బ్యాలే నేర్పారు. మీ దేశపు నాట్యం వైపు చూడమని చెప్పింది పావ్లోవాయే. 1936లో కళాక్షేత్ర మొదలైంది. అంతకు చాలా ముందే, 1923లో, లండన్‌లో మన డాన్సర్ ఉదయ్ శంకర్ పావ్లోవా పక్కన కృష్ణుడిగా ఆడారు, తర్వాత సొంత బృందంతో యూరప్, అమెరికా తిరిగి, 1948లో విడుదలైన తన డాన్స్ సినిమాని మన జెమినీ స్టూడియోలోనే తీశారు. పావ్లోవా అయితే టూర్‌లోనే, 1931 జనవరిలో, హేగ్‌లో ఒక హోటల్లో చనిపోయారు, యాభై నిండడానికి ఇంకా మూడు వారాలుంది. పారిస్ ఒపేరాలో ఇప్పుడు డాన్సర్లకి 42 ఏళ్లకి రిటైర్‌మెంట్. మేడమ్ 36కే ఆపేశారు, తుంటి అరిగిపోయి. అందుకే కాబోలు మా ఒళ్ల విషయంలో అంత పట్టుదల. ఎవరికైనా నొప్పి అంటే ఆ రోజు కూర్చోబెట్టేస్తారు, బతిమాలినా వినరు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. మేడమ్ కొరియోగ్రఫీ పని మీద ఏడాదికి రెండు మూడు సార్లు బయటికి వెళ్తారు, అప్పుడు క్లాసులుండవు. ఒకసారి ముందు రోజు రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది, నేను ఆఫీసులో లీవు కూడా పెట్టేసుకున్నాను. క్లాసులు తర్వాత కలిపి ఇచ్చారు కానీ ముందే చెప్పి ఉండాల్సింది. బట్టలు మార్చుకునే గది ఒకటే, చిన్నది. కారు పెట్టుకునే చోటు లేదు, రైల్లో రావడమే మేలు, స్టేషన్ నుంచి నడవొచ్చు.

నెలకి 5,000, వారానికి రెండు క్లాసులు, శనివారం పొద్దున ఏడింటి బ్యాచ్‌లో తెలుగువాళ్లం నలుగురం ఉన్నాం. ట్రయల్ క్లాసుకి 600 తీసుకుంటారు, చేరితే ఫీజులో తగ్గిస్తారు. మొదటి రోజు సాక్స్‌తో వెళ్లండి, ఆన్‌లైన్లో చూసి షూస్ ముందే కొనేయకండి, మేడమ్ మీ పాదం పట్టుకుని చూసి సైజు చెబుతారు.