వాగ్దానపు కార్డా, రోజువారీ వాక్యమా: దేవుని మాట దేనిలో తెలుస్తుంది?

మా సంఘంలో డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో వాగ్దానపు కార్డులు, అంటే ఒక్కోదాని మీద ఒక బైబిల్ వచనం ఉన్న కార్డులు, పెడతారు. ఒక్కొక్కరూ వెళ్లి ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని ఇంటికి తెచ్చి బీరువా తలుపుకి అంటించుకుంటారు. ఒక ఏడాది నాకు యిర్మీయా 29:11 వచ్చింది. దేవుని ఉద్దేశాలు హాని కోసం కావు, సమాధానం కోసమే అనే వచనం. అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. ఇంకేం, వచ్చేసినట్టే అనుకున్నాను. మార్చి దాటింది, జూన్ దాటింది, రాలేదు. దేవుడు మాట తప్పాడా అని ఏడ్చిన రాత్రులున్నాయి.

ఒకరోజు ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. అది యెరూషలేము నుంచి బబులోనుకు బందీలుగా వెళ్లిన వాళ్లకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. మిమ్మల్ని మోసం చేసే ప్రవక్తల మాట వినొద్దు అంటాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అంటాడు. నా కార్డు మీది వచనానికి సరిగ్గా ముందు, పదో వచనంలో, వాళ్లు తిరిగి రావడానికి 70 ఏళ్లు అని ఉంది! కార్డులో నాకు వినబడింది "వెళ్తావు". అధ్యాయంలో వినబడింది "ఉన్నచోట నాటుకో". మా ఊరి బడిలో టీచర్ కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆ వారమే వెళ్లి చేరాను.

అలాగని కార్డును తీసిపారేయను. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అధ్యాయాలు చదివే ఓపిక ఎవరికుంది? దిండు కింద ఆ ఒక్క వచనమే మమ్మల్ని నిలబెట్టింది. ఓదార్పుకి కార్డు చాలు. పెళ్లి, ఉద్యోగం, పొలం అమ్మకం లాంటి నిర్ణయాలకు చాలదు.

మూడో దారి గుర్తు అడగడం. "రేపు సాయంత్రంలోగా వాళ్ల ఫోన్ వస్తే ఈ సంబంధం నీ చిత్తమే ప్రభువా" అని. బైబిల్లో గిద్యోను రాత్రి గొర్రెబొచ్చు పరిచి, నేల ఆరి ఉండి బొచ్చు మాత్రమే మంచుకు తడిస్తే అదే గుర్తు అని అడిగాడు కదా అంటారు. కానీ గిద్యోనుకు యుద్ధానికి వెళ్లమని దేవుడు అంతకుముందే చెప్పాడు. బొచ్చు తడిసినా ధైర్యం చాలక, మరుసటి రాత్రి ఆ గుర్తునే తిరగేసి, బొచ్చు ఆరి ఉండి నేల తడవాలని మళ్లీ అడిగాడు. గుర్తుతో మనసు కుదుటపడదు, ఇంకో గుర్తు కావాలనిపిస్తుంది.

యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లు వేసి ఎన్నుకోవడం అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఉంది. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు రోజు తర్వాత ఆ పుస్తకంలో చీట్ల మాట మళ్లీ రాదు. 15వ అధ్యాయంలో అన్యులకు, అంటే యూదులు కాని విశ్వాసులకు, సున్నతి కావాలా వద్దా అని పెద్ద తగాదా వచ్చింది. బాగా వాదించుకున్నారు. పేతురు మాట్లాడాడు, పౌలు, బర్నబా చూసింది చెప్పారు, యాకోబు లేఖనం చూపించాడు. చివరికి "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు. అంత వాదన తర్వాత వచ్చిన మాటను ఆత్మ మాటే అనగలిగారు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇదే.

అందుకే ఇప్పుడు ఒక ఆలోచన వస్తే ఆ రోజే తేల్చను. రోజూ చదివే భాగం దానికి ఎదురు చెబుతోందా అని చూస్తాను. ఆ ఉత్సాహం దిగిపోయాక కూడా లోపల నెమ్మది మిగిలిందా అని వారం పాటు ప్రార్థనలో కనిపెడతాను. తర్వాత మా చిన్నాన్నను అడుగుతాను. నాకు నచ్చే జవాబే చెప్పాలనే అలవాటు ఆయనకు లేదు.