స్పార్టా పిల్లాడు, ఏథెన్స్ పిల్లాడు

ప్రాచీన గ్రీసు నగరం స్పార్టాలో మగపిల్లాడికి 7 ఏళ్లు రాగానే ఇంట్లోంచి తీసుకెళ్లి శిక్షణలో వేసేవారు. ఏడాదికి ఒక్కటే వస్త్రం, చలైనా ఎండైనా అదే. పడుకోవడానికి యూరోటాస్ నది ఒడ్డున రెల్లు చేత్తోనే విరిచి తెచ్చుకుని పక్క వేసుకోవాలి, కత్తి వాడకూడదు. చదివినప్పుడల్లా నాకు ఆ చిన్న చేతులే గుర్తొస్తాయి. ఏథెన్స్ పిల్లాడు అదే వయసులో మైనపు పలక మీద అక్షరాలు దిద్ది, రాత్రికి అమ్మ దగ్గరికి వచ్చేసేవాడు. సైనిక శిక్షణ 18 నిండాకే.

అసలు తేడా వేరే ఉంది. స్పార్టా పౌరుడికి యుద్ధమే పని, ఎందుకంటే పొలం దున్నేది హెలాట్లు, అంటే స్పార్టా వాళ్ల కింద బానిసల్లా బతికే జనం, వాళ్లు తిరగబడతారన్న భయంతో ఏటా వాళ్ల మీదే యుద్ధం ప్రకటించేవారు, చంపినా పాపం అంటకుండా. ఏథెన్స్‌లోనూ బానిసలున్నారు, లారియన్ వెండి గనుల్లో నరకం చూశారు. కానీ అక్కడ ఆస్తిలేని పౌరుడు కూడా 170 మందిలో ఒకడిగా యుద్ధనౌకలో తెడ్డు వేసి, జీతం తీసుకుని, సభలో చెయ్యెత్తి ఓటేసేవాడు.

ఆడవాళ్ల విషయంలో మాత్రం స్పార్టాయే నయం, వాళ్లకు సొంత భూమి ఉండేది. మిగతా అన్నిట్లో నా ఓటు ఏథెన్స్‌కే. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర జరిగిన యుద్ధానికి వెళ్లిన 700 మంది స్పార్టా పౌరుల్లో సుమారు 400 మంది పోతే, ఆ ఖాళీ నింపడానికి వాళ్ల దగ్గర మనుషులే లేరు.