ధనుర్మాసం చలిలో కరెంటు కారుతో కోనసీమ

ధనుర్మాసంలో ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని చూడాలని, అది కూడా తెల్లవారుజామున తిరుప్పావై చదివే వేళకి గుడిలో ఉండాలని మా అత్తయ్యకి ఎప్పటి నుంచో కోరిక. ఈసారి డిసెంబరు చివర్లో సెలవులు కలిసొచ్చాయి కాబట్టి నేను, మా ఆయన, అత్తయ్య ముగ్గురం విజయవాడ నుంచి మా కరెంటు కారులోనే బయల్దేరాం. మూడు రాత్రులు, ర్యాలి, వాడపల్లి, అప్పనపల్లి, అంతర్వేది, వచ్చేటప్పుడు భీమవరం మీదుగా ఇల్లు. మొత్తం 460 కిలోమీటర్ల పైచిలుకు తిరిగాం.

బయల్దేరే ముందు రోజు రాత్రి అమెరికాలో మిన్నియాపోలిస్‌లో ఉండే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చలికాలంలో ఈవీ వేసుకుని ఊళ్ళు తిరుగుతావా? ఇక్కడ మైనస్ 20లో నా కారు సగం దూరం కూడా ఇవ్వట్లేదు" అన్నాడు. 2024 జనవరిలో షికాగోలో చలికి చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు ఎలా ఆగిపోయాయో కూడా చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పక్కన పెద్దావిడ, తెల్లవారుజాము ప్రయాణాలు, కాలవ గట్ల రోడ్లు, మధ్యలో బండి ఆగితే ఎవరిని పిలవాలి? అందుకే ఈ నాలుగు రోజులూ ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి ప్రయాణం లెక్కా రాశాను. బయట ఎన్ని డిగ్రీలు, ఎంత స్పీడు, యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు. మా కారు బ్యాటరీ 40 యూనిట్లది, లెక్క సులువు.

మొదటి రోజు మధ్యాహ్నం బయల్దేరి ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రావులపాలెం, దాదాపు 130 కిలోమీటర్లు. బయట 28 డిగ్రీలు, హైవే మీద 90లో వెళ్తే యూనిట్‌కి ఆరున్నర వచ్చింది. వంద శాతంతో మొదలుపెట్టి 49తో దిగాం. రాత్రంతా లాడ్జిలో ప్లగ్గు పెడితే పొద్దున్నకి నిండిపోతుంది కదా అని దారిలో ఎక్కడా ఆగలేదు. అక్కడే దెబ్బ తిన్నాం.

లాడ్జి బాగుంది, ఆ మాట చెప్పాలి. గది 1,400 రూపాయలు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లవారుజామున నాలుగింటికి బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు. ఫోన్లో అడిగినప్పుడు 15 యాంప్స్ ప్లగ్గు ఉందన్నారు, ఉంది కూడా. కానీ నా పోర్టబుల్ చార్జర్ పెట్టగానే ఎర్ర లైటు. రెండు ప్లగ్గులు మార్చినా అంతే. అక్కడి కుర్రాడు చూసి "ఆయ్, ఈ పాత బిల్డింగులో ఎర్తు లేదండి, మోటారుకి కూడా లేదు" అన్నాడు. ఎర్తు లేకపోతే చార్జర్ కరెంటు తీసుకోదు, అది మన ప్రాణం కోసమే. చేసేదేముంది. కాబట్టి రూము బుక్ చేసేటప్పుడు ప్లగ్గు ఉందా అని అడిగి ఊరుకోకండి, ఎర్తింగ్ ఉందా అని విడిగా అడగండి. వీలైతే ఎలక్ట్రీషియన్ దగ్గర దొరికే చిన్న ప్లగ్గు టెస్టర్ ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి. నేను వచ్చాక కొన్నాను.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి బయట 18 డిగ్రీలు చూపించింది, బ్యాటరీ 48. రాత్రంతా చలిలో నిలబెట్టినందుకు పోయింది ఒక్క శాతం. ర్యాలి దారి పట్టాం, పది కిలోమీటర్లు ఉంటుందేమో. కాలవ పక్కన మంచు ఎలా కమ్ముకుందంటే హెడ్‌లైట్ వెలుగు పది గజాలు దాటట్లేదు. ముగ్గురం ఊపిరి వదులుతుంటే లోపల అద్దం మసకబారిపోయింది. భయమేసి హీటర్ పెట్టి గాలి అద్దం మీదకి తిప్పాను. ఇరవై నిమిషాలు అలాగే వెళ్ళాం. గుడి దగ్గర దిగి చూస్తే యూనిట్‌కి అయిదు కిలోమీటర్లు కూడా రాలేదు! తమ్ముడు చెప్పింది నిజమే, ఇక అమలాపురం దాకా కష్టమే అనుకున్నాను.

గుడిలో మాత్రం అవన్నీ మర్చిపోయాను. ఒకే సాలగ్రామ శిల, ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని, కొప్పు, జడ అన్నీ చెక్కి ఉంటాయి. పాదాల దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. మంచులో తడిసిన ప్రాంగణంలో వేడి వేడి పొంగలి ఆకు దొన్నెలో పెట్టారు. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఈ నాలుగు రోజుల్లో మళ్ళీ ఒక్క చోటికే వెళ్ళమంటే నేను అక్కడికే వెళ్తాను.

తిరుగు దారిలో వాడపల్లి వెళ్ళేటప్పుడు అత్తయ్యే అంది, "అమ్మాయ్, ఆ వేడిగాలి కట్టెయ్, కళ్ళు మండుతున్నాయి. శాలువా ఉంది, మంకీ క్యాప్ ఉంది, నాకు చాలు." హీటర్ తీసేసి, అద్దం కోసం ఏసీ మాత్రం తక్కువ ఫ్యాన్‌లో పెట్టాను. ఏసీ చలికే కాదు, గాలిలో తేమని లాగేస్తుంది, అందుకే లోపలి మసక రెండు నిమిషాల్లో పోతుంది. ఒక్కోసారి అద్దం బయటివైపు మంచు పడుతుంది, దానికి వైపరే మందు. అదే చలి, ఇంచుమించు అదే రోడ్డు, అదే స్పీడు, యూనిట్‌కి ఎనిమిది దాటింది. తేడా అంతా హీటర్‌దే.

తర్వాత కూర్చుని చదివితే ఇది నా ఒక్కదాని అనుభవం కాదని తెలిసింది. అమెరికాలో ఏఏఏ అనే మోటారు వాహనదారుల సంఘం 2019లో అయిదు ఎలక్ట్రిక్ కార్లని పరీక్షించింది. మైనస్ 7 డిగ్రీల్లో హీటర్ లేకుండా నడిపితే రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్ళగలిగే దూరం, సగటున 12 శాతం తగ్గింది, హీటర్ పెడితే 41 శాతం. పెట్రోలు కారులో ఇంజను వేడి ఎలాగూ వృథాగా పోయేదే, దాన్నే లోపలికి తిప్పుతారు, అందుకే హీటర్ ఉచితం. మన కారులో మోటారుకి అంత వేడి పుట్టదు, కాబట్టి ఇస్త్రీపెట్టెలో లాగా కరెంటుతోనే వేడి పుట్టించాలి, మొదట్లో అది రెండు మూడు కిలోవాట్లు లాగేస్తుంది. బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి తెచ్చే హీట్ పంపు ఉన్న కార్లకి ఈ ఖర్చు బాగా తగ్గుతుంది. ఇక బ్యాటరీ సంగతికొస్తే, చలికి లోపలి ద్రవం చిక్కబడి అయాన్లు నెమ్మదిగా కదులుతాయి, అంతర్గత నిరోధం పెరుగుతుంది, అందుకే సున్నా కింద అంత ఇబ్బంది. మన డెల్టాలో 17, 18 డిగ్రీలకి ఆ ప్రభావం చాలా చిన్నది. అదే పరీక్షలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన అంకె వేరే ఉంది. 35 డిగ్రీల ఎండలో ఏసీ పెడితే రేంజి 17 శాతం తగ్గింది. అంటే గోదావరి జిల్లాల్లో ఈవీ ఉన్నవాళ్ళు జాగ్రత్తగా లెక్కేసుకోవాల్సింది రోహిణి కార్తెలో ప్రయాణాలకి, పుష్యమాసం చలికి కాదు.

చలితో నాకు ఎదురైన ఇంకో విషయం టైర్ల గాలి. మధ్యాహ్నం విజయవాడలో 33 పెట్టించాను, తెల్లవారి 31 చూపించింది. అయిదారు డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. గాలి తక్కువైతే బండి బరువుగా లాగుతుంది, రేంజి పోతుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకుని పట్టించుకోవడమే పద్ధతి.

మళ్ళీ రావులపాలెం వచ్చేసరికి 34 శాతం. హైవే పక్క ఒక బంకులో ఫాస్ట్ చార్జర్ ఉంది, కారుకి తగిలించే రెండు చార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయట్లేదు, రెండోదానికి టాక్సీ పెట్టి ఉంది. ఆ డ్రైవరన్న పాతిక నిమిషాల తర్వాత పెద్దావిడని చూసి తన పని పూర్తి కాకుండానే గన్ను తీసి ఇచ్చాడు. ఆయన్ని మర్చిపోను. యాప్‌లో ఓటీపీ రావడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది, బంకులో వాళ్ళకి ఆ మిషను గురించి ఏమీ తెలియదు. అంత ఖర్చుపెట్టి మిషను పెట్టినవాళ్ళు బాగోగులు చూసే మనిషిని పెట్టకపోవడం నాకు బాధగా అనిపించింది. పనిచేసిన గన్ను మాత్రం బాగా పనిచేసింది, 40 నిమిషాల్లో 34 నుంచి 76 ఎక్కింది, 350 రూపాయలు. చల్లని పొద్దు అని చార్జింగ్ నెమ్మదించింది లేదు.

అమలాపురం హోటల్ నా లెక్కలో ఈ ట్రిప్పులో మంచి బస. ఊళ్ళో, సందడిగా, చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ సెల్లారులో జనరేటర్ పక్కన 15 యాంప్స్ ప్లగ్గు, ఎర్తు సరిగ్గా ఉంది, రాత్రికి 300 అని ముందే చెప్పారు. వాచ్‌మన్ ఒకసారి లేచి లైటు వెలుగుతోందో లేదో చూశానని పొద్దున్న చెప్పాడు. మర్నాడు అంబాజీపేట వైపు తిరిగి పొట్టిక్కలు తిన్నాం. పనసాకు బుట్టలో ఉడికిన ఆ ఇడ్లీ వాసన చలి పొద్దున్న తింటేనే తెలుస్తుంది. అప్పనపల్లిలో బాలబాలాజీ దర్శనం, పక్కనే వైనతేయ గోదావరి. జనం తక్కువ, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి హాయి.

దిండి రిసార్టు గురించి రెండు మాటలు నిజాయితీగా చెప్తాను. గది బాల్కనీలోంచి వశిష్ఠ గోదావరి, సాయంత్రం నీళ్ళ మీద మంచు దిగుతుంటే చూడడానికే 3,500 ఇవ్వొచ్చు. కానీ దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, దోమలు ఎక్కువ, రాత్రి భోజనం గంటన్నర ఆలస్యం. చార్జింగ్ అడిగితే మొదట కుదరదన్నారు. వాళ్ళ ఎలక్ట్రీషియన్ మాత్రం మోటారు గది ప్లగ్గు చూపించి, ఎర్తు చెక్ చేసి, "రాత్రి చెరువుల దగ్గర ఏరియేటర్లన్నీ తిరుగుతాయండి, వోల్టేజీ పడుద్ది, పది యాంప్స్‌లో పెట్టుకోండి మేడం" అని దగ్గరుండి పెట్టించాడు. ఏరియేటర్లంటే రొయ్యల చెరువు నీళ్ళకి గాలి అందించే మోటార్లు, ఆ చెరువుల మధ్య ఉన్న ఊళ్ళలో ఈ మాట గుర్తుపెట్టుకోండి. వోల్టేజీ పడిపోయినప్పుడు ఎక్కువ యాంప్స్ లాగితే ప్లగ్గు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో ఏసీల లోడు కూడా తోడైతే ఇంకా కష్టమని కూడా అతనే చెప్పాడు.

అంతర్వేది ఆ సాయంత్రమే వెళ్ళొచ్చాం. నరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నిలబడితే చలిగాలి ఈడ్చి కొట్టింది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలికి యూనిట్‌కి ఏడు, వచ్చేటప్పుడు అదే స్పీడులో ఎనిమిదిన్నర. చలి కంటే గాలే ఎక్కువ తినేసింది. బయట తినుబండారాల కొట్లు బాగాలేవు, మంచినీళ్ళు తీసుకెళ్ళండి.

చివరి రోజు దిండి నుంచి వంద శాతంతో బయల్దేరి వెంటనే చించినాడ వంతెన ఎక్కాం. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే రోజూ బండి తనంతట తనే తగ్గేది, ఆ రోజు జారిపోతూనే ఉంది. బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. మామూలుగా కాలు తీస్తే మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపుతూ బండిని తగ్గిస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీకి ఆ తిరిగొచ్చే కరెంటు పెట్టుకునే చోటు లేదు, అందుకని. తమ్ముడికి చెబితే వాళ్ళకి గడ్డకట్టే చలిలో బ్యాటరీ సగమే ఉన్నా ఇలాగే అవుతుందట. అంత చల్లని బ్యాటరీలోకి కరెంటు జోరుగా పంపితే లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది కాబట్టి కారే ఆపేస్తుంది. అందుకే వాడు పొద్దున్న బయల్దేరే ముందు, ప్లగ్గులో ఉండగానే, ఇంటి కరెంటుతో కారుని వేడిచేసుకుంటాడు. కోనసీమలో మనకి ఆ అవసరం లేదు. పొద్దున్నే వంతెన దిగాల్సి ఉంటే 95 దగ్గర ప్లగ్గు తీసేయండి, చాలు.

పాలకొల్లులో క్షీరారామం గోపురం కింద కాసేపు నిలబడి, మినపరొట్టె తిని, భీమవరంలో సోమేశ్వరుణ్ణి చూసుకుని, దారిలో తంపటి తేగలు రెండు కట్టలు కొని, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా ఇంటికి వచ్చేసరికి ఇంకా 40 శాతం ఉంది. చార్జింగ్ కోసం ఎక్కడా ఆగలేదు. నాలుగు రోజుల సగటు యూనిట్‌కి దాదాపు ఏడు వచ్చింది. ర్యాలి దారిలో ఆ హీటర్ ఇరవై నిమిషాలు తీసేస్తే ఇంకాస్త వచ్చేది.

మాఘంలో భీష్మ ఏకాదశి ముందు రోజు, దశమి రాత్రి జరిగే అంతర్వేది కల్యాణం చూడాలని అత్తయ్య అప్పుడే అడుగుతోంది. ఆ రోజుల్లో దిండిలో గదులు దొరకవు, దొరికినా ప్లగ్గు దొరకదు. అమలాపురం హోటల్‌కే ఫోన్ చేసి, సెల్లారులో ఆ జనరేటర్ పక్క చోటు మాకు ఉంచమని చెప్పాను.