నైట్ షెల్టరా, శక్తి సదనా?

ఇల్లు లేని ఆడవాళ్లకు, వాళ్ల పిల్లలకు వారానికో సాయంత్రం చొప్పున ఏడాది పాటు సాయపడాలంటే ప్రధానంగా రెండు చోట్లున్నాయి. ఒకటి, మున్సిపాలిటీ నైట్ షెల్టర్లలో మహిళలకు కేటాయించినవి. రెండోది శక్తి సదన్, అంటే కష్టాల్లో ఉన్న ఆడవాళ్లు కొంతకాలం ఉండేందుకు ప్రభుత్వ పథకం కింద నడిచే వసతి గృహం. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం ఉన్న పాత స్వధార్ గృహ్, అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల (గ్యాస్ పథకం కాదు) పథకాలను 2022లో కేంద్రం మహిళల కోసం తెచ్చిన మిషన్ శక్తి కింద కలిపి ఈ పేరు పెట్టారు.

షెల్టర్లో మొహాలు మారిపోతుంటాయి. పోయిన వారం మూడో ఎక్కం అప్పజెప్పిన పిల్ల ఈ వారం కనిపించకపోవచ్చు. వాళ్లమ్మకు ఇంకెక్కడో కూలి పని దొరికి ఉంటుంది. అందుకే అక్కడ ట్యూషన్ కన్నా కాగితాల పనే ఎక్కువ అక్కరకొస్తుంది. ఆధార్‌కు ఏ చిరునామా ఇవ్వాలి? ఆధార్ చేతిలో లేకపోతే బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు పనులు చాలాసార్లు ఆగిపోతాయి. మీసేవ దగ్గర ఓ పూట తోడుగా నిలబడి ఫారం నింపిపెట్టినా పెద్ద సాయమే.

శక్తి సదన్‌లో గృహహింస, అక్రమ రవాణా నుంచి బయటపడ్డవాళ్లు నెలల తరబడి ఉంటారు. చదువు చెబితే నిలుస్తుంది. కాకపోతే లోపలికి వెళ్లాలంటే ముందు అనుమతి కావాలి, ఫొటోలు తీయకూడదు, అక్కడున్నవాళ్ల సంగతులు బయట చెప్పకూడదు. మగపిల్లలను 12 ఏళ్ల దాకానే తల్లితో ఉండనిస్తారు. ఆ వయసు దగ్గరపడుతున్న కొడుకున్న తల్లికి రోజూ టెన్షనే.

మూడు నెలలకే మానేస్తామన్న అనుమానం ఉంటే సదన్ జోలికి వెళ్లొద్దు. నమ్మిన మనిషి మాయమవడం ఆ పిల్లలకు కొత్తేమీ కాదు. షెల్టర్లో ఆ చిక్కు తక్కువ. ఎక్కడికెళ్లినా పాత బట్టల మూటలు మాత్రం అడక్కుండా మోసుకెళ్లకండి.